నాగలి రాయి

11 సెప్టెంబరు 2022, ఆదివారం. అజ్మాన్

రామ్మోహన్ పొద్దున ఎనిమిదింటికే వచ్చాడు. దుబాయ్‌లోని మిర్దిఫ్ నుంచి ఇక్కడికి సెలవు రోజు అరగంట. ఆ అరగంట దాటడానికి నా తమ్ముడికి ఆరు నెలలు పట్టింది. కాఫీ ఇచ్చేలోపే ఫోన్ రికార్డింగులో పెట్టి నా ముందు ఉంచాడు. తాతయ్య మీద పుస్తకం వేస్తున్నాడట. 'రాఘవయ్య వంశ చరిత్ర'. నాయనమ్మ దగ్గర పెరిగింది నేనొక్కదాన్నే కాబట్టి చెప్పాల్సింది నేనేనట.

మూడు గంటలు చెప్పాను. వాడు ఎలా మారుస్తాడో తెలియదు. చెప్పింది ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

1936. తాతయ్య రాఘవయ్య కృష్ణా జిల్లాలో ఉన్న రెండెకరాలూ అమ్మి, రెండు ఎడ్లబండ్లతో, నాయనమ్మతో, చంటిపిల్లతో నిజాంసాగర్ కాలవ కిందికి వచ్చాడు. మోదుగు చెట్లు, తుమ్మ కంప. పొద్దస్తమానం గొడ్డలి. చలిజ్వరానికి ఆ చంటిపిల్లా, తర్వాత పుట్టిన మగపిల్లవాడూ పోయారు. మూడో ఏడు వరి పండింది. తర్వాత చెరకు. ఆయన వెనక వచ్చిన పద్నాలుగు కుటుంబాలు గుడిసెలు వేసుకున్న చోటికి రాఘవయ్య క్యాంపు అని పేరు. ఇవాళ్టికీ బస్సు మీద ఆ పేరే.

ఆఖర్న నాగలి రాయి. మొదటిసారి దున్నిన రోజు మోదుగు వేరు తగిలి నాగలి కర్రు విరిగింది. తాతయ్య ఆ విరిగిన కర్రుని చేని మూల పాతిపెట్టి మీద నిలువు రాయి వేశాడు. ప్రతి ఏడూ ఏరువాకకి ముందు నాయనమ్మ ఆ రాయికి పసుపు రాసి, బొట్టు పెట్టి, దీపం వెలిగించి, విస్తట్లో అన్నం పెట్టి వచ్చేది. నేనూ వెంట వెళ్లేదాన్ని. నాయనమ్మ ఎలా చెప్పేదో అలాగే చెప్పాను.

రామ్మోహన్ కళ్లు తుడుచుకున్నాడు. ఏడవడం వాడికి చిన్నప్పటి నుంచీ తేలిక. మంచినీళ్లు ఇచ్చాను.

14 సెప్టెంబరు

చెప్పినదాంట్లో తప్పు లేదు. నాయనమ్మ మాటే నా మాట.

25 సెప్టెంబరు, ఆదివారం. మహాలయ అమావాస్య

మిర్దిఫ్‌లో రామ్మోహన్ ఇంట్లో భోజనాలు. పెద్దల పేరు చెప్పి పిలిచాడు కాబట్టి వెళ్లాను. చెల్లెలు కృష్ణవేణి ఫుజైరా నుంచి వచ్చింది. వాళ్లాయనకి ఓడల్లో నూనె నింపే కంపెనీలో ఉద్యోగం. ఈసారీ షిఫ్ట్ ఉందట. మా తమ్ముడి ఇంటికి వచ్చే రోజే ఆయనకి షిఫ్ట్ పడుతుంది.

పుస్తకం నమూనా చూపించాడు. అట్ట మీద నాగలి రాయి ఫోటో. క్యాంపులో ఎవరితోనో తీయించి తెప్పించాడు. పసుపు లేదు. నాచు పట్టి ఉంది. దాని కింద 'అడవిని అన్నం ముద్దగా మార్చిన మహనీయుడు' అని రాశారు.

కృష్ణవేణి తన పేరున్న పేజీ వెతుక్కుంది. రెండు లైన్లు. రామ్మోహన్ భార్య వైదేహి పుట్టింటివాళ్లకి అరపేజీ. కృష్ణవేణి పుస్తకం మూసి పప్పు వడ్డించుకుంది. పప్పులో ఉప్పు ఎక్కువైందని మాత్రం అంది. వైదేహి నవ్వి, ఫుజైరాలో సముద్రం దగ్గర కదా, అక్కడ ఉప్పు అలవాటై ఉంటుందనుకున్నాను అంది. నేను తలొంచుకుని తిన్నాను. మరదలికి పెట్టే చేయి ఉంది. పెట్టాక గుర్తుచేసే నోరూ ఉంది.

భోజనాలయ్యాక రామ్మోహన్ అసలు సంగతి చెప్పాడు. పొలం అంతా ఎప్పుడో ప్లాట్లయింది. మిగిలింది ఆ రాయి ఉన్న మూల, పది గుంటలు. రాయి ఉందని ఎవరూ కొనలేదు. ఇప్పుడు అక్కడే తాతయ్య విగ్రహం. రాయి తీసి, కింది కర్రు బయటికి తీసి, అద్దాల పెట్టెలో పెడతారట. డిసెంబరు మూడున ఇక్కడ హోటల్ హాల్లో పుస్తకం విడుదల, అక్కడ శంకుస్థాపన, తెర మీద రెండూ ఒకేసారి.

ఎందుకంత హడావిడి అన్నాను. వాడి గొంతు మారింది. కాలేజీలో తనని సెటిలర్ అని పిలిచిన వాళ్ల పేర్లు ఇంకా గుర్తున్నాయన్నాడు. ఎనభై ఆరేళ్లయినా అదే మాటన్నాడు. ఇక్కడ ఇరవై రెండేళ్లున్నా వీసా మీద తేదీయే కదా, తనకంటూ చెప్పుకోడానికి ఒక్క చోటు ఉండొద్దా అన్నాడు. ఆ ఒక్క నిమిషం వాడు నా తమ్ముడిలాగే ఉన్నాడు.

రాయి కదపకుండా పక్కన పెట్టుకోవచ్చు కదా అన్నాను. స్థలం చాలదన్నాడు. 

8 అక్టోబరు, శనివారం

రాయడానికి కష్టంగా ఉంది. క్లుప్తంగా రాస్తాను.

రామ్మోహన్ ఇంటికి రమ్మన్నాడు, రెండో ప్రూఫు చూడమని. హాల్లో తన కన్‌స్ట్రక్షన్ కంపెనీ మనుషులు ఇద్దరు గోడకి ఫ్రేము బిగిస్తున్నారు. నాగలి రాయి ఫోటో, నిలువెత్తు. అందులో ఒకతను మన జిల్లావాడే. రాజలింగం. నలభై దాటి ఉంటాయి. దుబాయ్ సోనాపూర్‌లో కూలీలు ఉండే క్యాంపులో ఉంటాడు, పన్నెండేళ్లుగా ఇదే కంపెనీలో తాపీపని. ఫ్రేము గోడకి పెట్టి, స్క్రూ బిగించబోతూ ఆగిపోయాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకుని ఫోటోని దగ్గరగా చూశాడు.

"గిది మా తాత గోరి, సార్," అన్నాడు.

రామ్మోహన్ నవ్వాడు. మీ ఊళ్లో ప్రతి రాయీ ఎవడో ఒకడి తాతే అన్నాడు. వైదేహి కూడా నవ్వింది. రాజలింగం నవ్వలేదు. గొంతు పెంచనూ లేదు. రాఘవయ్య క్యాంపు పక్కన ఉన్న పాత ఊరు తమదని, తమ అవ్వ, అంటే తల్లి, ఐలవ్వ ఏటా పెత్రమాసకి, అంటే మహాలయ అమావాస్యకి, ఆ రాయి దగ్గర దీపం పెడుతుందని, ఈ ఏడూ పెట్టిందని, మొన్ననే ఫోన్లో చెప్పిందని అన్నాడు. క్యాంపోళ్ల ముసలమ్మ కూడా పెట్టేదని చిన్నప్పుడు విన్నానన్నాడు.

"ఆ ముసలమ్మ మనవరాలు ఇక్కడే ఉంది," అన్నాడు రామ్మోహన్. "అక్కా, నువ్వు చెప్పు ఇతనికి. నీ మాట కాదనేవాడు లేడు."

రాజలింగం నా వంక చూశాడు. అడగలేదు. ఊరికే చూశాడు.

నాకు తెలిసినంతవరకు అది నాగలి రాయి అన్నాను.

అతను ఫ్రేము బిగించి వెళ్లిపోయాడు. నిటారుగా బిగించాడు. ఒక్క వెంట్రుకవాసి కూడా పక్కకి లేదు.

9 అక్టోబరు

'తెలిసినంతవరకు' అన్నాను. అది అబద్ధం కాదు.

10 అక్టోబరు

లలితా సహస్రనామం మూడుసార్లు. మనసు నిలిచింది. ఎవరి మీదా కోపం లేదు.

17 అక్టోబరు, సోమవారం

నేను లైబ్రరీ చూసుకునే స్కూల్లో పిల్లలు రాని పీరియడు. ఇప్పుడు రాస్తాను.

నాకు పన్నెండేళ్లప్పుడు నాయనమ్మ చెప్పింది. రాయి దగ్గరే, విస్తరి పరుస్తూ. మనం వచ్చేసరికి ఆ మూలంతా అడవి కాదు. ఒకతను కంప కొట్టి జొన్న వేసుకుంటున్నాడు. భార్య, ఒక పిల్ల. కాలవ నీళ్లు వస్తాయనగానే తాతయ్య ఆ భూమి కాగితం తన పేర రాయించుకున్నాడు. కాగితం చూపించినా అతను కదల్లేదు. ఎక్కడికి వెళ్లాలో తెలియక అదే చేలో తాతయ్య దగ్గర జీతానికి కుదిరాడు. మూడో ఏడు వరి పండింది అని నేను చెప్పానే, ఆ వరి నారు మోసింది అతనే. ఆ వానాకాలం చచ్చిపోయాడు. అప్పటికి భార్య ఒళ్లో రెండోవాడు, చంటివాడు. జ్వరమో, ఇంకేమో నాయనమ్మ చెప్పలేదు. 'మీ తాతయ్య చేతికర్ర ఆ ఏడే విరిగింది' అంది. అంతే. నేను ఇంకేమీ అడగలేదు.

అతని భార్య చేని మూలే గొయ్యి తీసి పూడ్చింది. తాతయ్య దున్నించేస్తానన్నాడు. నాయనమ్మ మళ్లీ బండి కట్టమంది, కృష్ణకి పోతానంది. అప్పటికే ఇద్దరు పిల్లల్ని పూడ్చుకుంది ఆవిడ. తాతయ్య తగ్గాడు. రాయి వేయించింది నాయనమ్మ. కర్రు కథ కట్టింది కూడా ఆవిడే. ఎవరన్నా గోరీ అంటే క్యాంపు మగాళ్లు పీకేస్తారు, నాగలి అంటే దణ్ణం పెడతారు అంది. నువ్వు కూడా అలాగే చెప్పు అంది. నలభై నాలుగేళ్లు అలాగే చెప్పాను.

ఇప్పుడు నాగలి అన్నందుకే పీకుతున్నారు.

అతని పేరు నాయనమ్మ ఎప్పుడూ అనలేదు. 'ఆ మనిషి' అనేది.

18 అక్టోబరు

నాయనమ్మ మాట నిలబెట్టాను. అంతకు మించి నేను చేసిందేమీ లేదు.

26 అక్టోబరు

కార్తీకం మొదలు. సోమవారాలు మౌనవ్రతం పట్టాను. స్కూల్లో పిల్లలకి పుస్తకాలు చూపుడు వేలుతో చూపిస్తే చాలు.

31 అక్టోబరు, సోమవారం

మౌనం. ఆరుసార్లు ఫోన్ మోగింది. తెలియని నంబరు. తెలియని నంబరు అని ఎందుకు రాస్తున్నాను. ఒకటో సారికే ఎవరో తెలుసు. రామ్మోహన్ డ్రైవర్ ఖాజా ముందే అడిగి వెళ్లాడు, నా నంబరు రాజలింగానికి ఇవ్వొచ్చా అని. ఇవ్వమన్నాను.

ఇవ్వమని, ఎత్తలేదు.

1 నవంబరు

ఇవాళ మంగళవారం. ఇవాళ మోగలేదు.

5 నవంబరు, శనివారం

మోగింది. ఎత్తాను. రాజలింగం అవతల ఇంటి లైను కలిపాడు. ఐలవ్వ. అతని తల్లి. డెబ్బై దాటి ఉంటుంది. గొంతు మాత్రం పొలం అవతలి గట్టు మీది మనిషిని పిలిచే గొంతు.

ఎవరు బిడ్డవు అని అడగలేదు. సరాసరి మొదలుపెట్టింది. ఏరువాకకి మీ నాయినమ్మ ఆ చివర దీపం పెడితే నేను కూడా వచ్చి ఈ చివర పెట్టేదాన్ని, ఇద్దరం మాట్లాడుకునేవాళ్లం కాదు, ఒకసారి మాత్రం గాలికి నా దీపం ఆరితే తన దీపంతో అంటించి పోయింది అని చెప్పింది. వెనక జడ వేసుకుని ఒక పిల్ల ఉండేది, అది నువ్వేనా అంది. నేనే అన్నాను.

"గట్లయితె నీకు ఎర్కే. మా మామ ఆడ పండుకున్నడు. జేసీబీ వస్తదంటున్నరు. నేను వోయి గోరి మీద కూసుంట, నన్ను లేపి తీసుకపోండ్రి అంటున్న. మీ తమ్ముడు మా అక్క జెప్పింది నాగలి రాయి అని ఊరంత అంటున్నడట. నువ్వు అన్నవా బిడ్డా?"

చూద్దామన్నాను.

"ఏం జూస్తవ్," అంది ఆవిడ. ఫోను పెట్టేసింది.

6 నవంబరు

గణపతి గుడికి వెళ్దామనుకున్నాను. వెళ్లలేదు. బట్టలు ఉతికాను.

13 నవంబరు, ఆదివారం

మిర్దిఫ్ వెళ్లాను. తిరిగి వచ్చేటప్పుడు రామ్మోహనే కార్లో దింపాడు. ఇంటి దగ్గర చెప్పలేకపోయాను. వైదేహి పక్కనే కూర్చుంది, కదల్లేదు. కార్లో, షార్జా ట్రాఫిక్ లైటు దగ్గర చెప్పాను. అది గోరీ అని. నాయనమ్మ చెప్పిందంతా.

పచ్చ లైటు పడింది. బండి నడిపాడు.  ఏడుస్తాడేమో అనుకున్నాను. ఏడవలేదు.

"నాకు తెలుసు అక్కా," అన్నాడు. "నాన్న పోయేముందు చెప్పాడు."

ఏడేళ్లుగా తెలుసు. తెలిసే నా దగ్గరికి వచ్చి, తెలిసే ఫోన్ నా ముందు పెట్టాడు. నేను ఏం చెప్తానో వినడానికి. నేను నాగలి అన్నాను. వాడు కళ్లు తుడుచుకున్నాడు.

మరి పుస్తకంలో ఎందుకు వేస్తున్నావు అన్నాను. నువ్వు చెప్పింది బాగుంది, నీ పేరుతోనే వేశాను, 'మా పెద్దక్క బాలత్రిపురసుందరి చెప్పగా' అని, అన్నాడు. తీసెయ్ అన్నాను. ప్రింటుకి వెళ్లిపోయిందన్నాడు. ఐదొందలు.

కర్రు కోసం తవ్వితే ఎముకలు వస్తాయి కదా అన్నాను. ఎనభై ఏళ్ల తర్వాత ఏమీ రాదు, పాత కర్రు ఒకటి కొని ఉంచాను అన్నాడు.

మా ఇంటి ముందు ఆపాడు. ఇంజను ఆపలేదు. ఊళ్లో గొడవ అవుతోందని, సర్పంచి నీకు ఫోను చేయొచ్చని చెప్పాడు. చేస్తే ఇప్పటిదాకా చెప్పిందే చెప్పమన్నాడు. తర్వాత అద్దంలో చూస్తూ, నా వంక చూడకుండా అన్నాడు:

"ఆ రాజలింగం కాగితాలు నా టేబుల్ మీదకే వస్తాయి. జనవరిలో వీసా రెన్యూవల్. ముగ్గురు పిల్లలంట. నీకు అతని మీద జాలి ఉంటే నోరు కదపకు. పూజ చేసుకో."

దిగాను. తలుపు మెల్లగానే వేశాను.

14 నవంబరు, సోమవారం

మౌనం.

15 నవంబరు

మాట్లాడితే అతని కొలువు పోతుంది. ఊరుకుంటే అతని తాత పోతాడు. రెండూ నా నోటి దగ్గర పెట్టి తమ్ముడు కారెక్కి వెళ్లిపోయాడు. చిన్నప్పుడు ఇద్దరం చేసిన తప్పుకి నా చెయ్యి ముందు చాపించేవాడు. అప్పుడూ వాడికి దెబ్బ పడలేదు.

కోపం లేదు.

16 నవంబరు

కోపం లేదు అని నాలుగుసార్లు జపమాల తిప్పాను.

20 నవంబరు, ఆదివారం

కృష్ణవేణి ఫోన్. రామ్మోహన్ దానికి అంతా చెప్పాడట, అదీ వాడికి కావలసిన పద్ధతిలో. వాళ్లాయనకి దుబాయ్‌లో మంచి పోస్టు ఒకటి తమ్ముడు మాట్లాడుతున్నాడట, ఈ నెలలోనే తేలుతుందట, ఇప్పుడు ఇంట్లో గొడవ పెట్టొద్దంది. మన తాతని మనమే దొంగని చేస్తామా అంది. నువ్వు ఒంటరిదానివి, నీకు పోయేదేముంది, మాకు పిల్లలున్నారు అంది.

మా ఆయన పోయిన తొమ్మిదేళ్లలో ఆ మాట ఎన్నో రకాలుగా విన్నాను. ఇంత సూటిగా ఎవరూ అనలేదు.

నీ పేరున్న పేజీలో ఇంకో రెండు లైన్లు పెంచాడా అని అడిగాను. అది ఫోను పెట్టేసింది. అలా అడగకుండా ఉండాల్సింది. అడిగినందుకు బాగానే ఉంది.

23 నవంబరు

కార్తీక అమావాస్య. వ్రతం ఉద్యాపన. పక్కింటి ఖుర్షీదా గారికి ప్రసాదం ఇచ్చాను. ముఖం ఎందుకు అలా ఉంది అని అడిగారు ఉర్దూలో. ఉపవాసం అన్నాను. ఉపవాసం నిన్ననే అయిపోయింది.

28 నవంబరు, సోమవారం

కార్తీకం అయిపోయింది. ఇంక మౌనం లేదు. ఇవాళ ఏడో తరగతి పిల్లలు లైబ్రరీలో ఉండగా తొమ్మిదింటికి ఫోన్ మోగింది. బయట వరండాలోకి వెళ్లి ఎత్తాను.

రామ్మోహన్. ఆఫీసు నుంచి. అవతల ఊళ్లో సర్పంచిని కలిపాడు. అందరూ వింటున్నారని చెప్పాడు. జేసీబీ శబ్దం వినబడుతోంది. దాని మీంచి ఐలవ్వ గొంతు. ఆవిడ ఎవరినీ తిట్టడం లేదు. తనని ముట్టుకోవద్దని మాత్రం ఒకే మాట మళ్లీ మళ్లీ అంటోంది. రాయి మీద కూర్చుందని సర్పంచి చెప్పాడు. క్యాంపోళ్ల పెద్దబిడ్డ తన నోటితో నాగలి అంటే లేస్తాను, లేకపోతే లేవను అంటోందని చెప్పాడు.

"అక్కా," అన్నాడు రామ్మోహన్, అందరికీ వినబడేలా, ముద్దుగా. "నాగలి రాయి కథ వీళ్లకి ఒక్కసారి చెప్పు."

నాకు దేవుడు గుర్తు రాలేదు. ఇది నిజం కాబట్టి రాస్తున్నాను. నాయనమ్మ గుర్తు రాలేదు. రాజలింగం పిల్లలు గుర్తు వచ్చారు, ముగ్గురు, పేర్లు కూడా తెలియని పిల్లలు. వాళ్లు గుర్తుండగానే మాట్లాడాను. తమ్ముడి గొంతులో ఆ ముద్దు విన్నాక మాట్లాడాను. ఏది ముందో విడదీయలేను.

"అది గోరీ," అన్నాను. "కింద మనిషి ఉన్నాడు. రాజలింగం తాత. ఆ చేను మా కంటే ముందు ఆయనది. కర్రు కథ మా నాయనమ్మ కట్టింది. పుస్తకంలో ఉన్నది నేను చెప్పిన అబద్ధం."

 ఇంజను శబ్దం కాసేపు అలాగే ఉంది. తర్వాత ఆగిపోయింది.

రామ్మోహన్ లైను ఎప్పుడు కట్ చేశాడో తెలియదు. వెనక్కి తిరిగి లైబ్రరీలోకి వెళ్లాను. పిల్లలు నిశ్శబ్దంగా చదువుకుంటున్నారు. గోల చేస్తుంటే బాగుండేదనిపించింది.

29 నవంబరు

కుటుంబం గ్రూపులోంచి నన్ను తీసేశారు. తీసేముందు వైదేహి ఒక మెసేజ్ పెట్టింది: 'మా వదినగారి పూజలు ఫలించాయి.' దాని కింద చేతులు జోడించిన బొమ్మ. మర్యాదగా.

1 డిసెంబరు

ఖాజా ఫోన్ చేసి చెప్పాడు. రాజలింగానికి నిన్ననే ఖలాస్ అన్నారట. ప్రాజెక్టు అయిపోయిందని కారణం రాశారట. జనవరి దాకా కూడా ఆగలేదు.

3 డిసెంబరు, శనివారం

హాల్లో విడుదల జరిగింది. విగ్రహం క్యాంపు బడి ముందుకి మార్చారట. కృష్ణవేణి ముందు వరసలో ఉన్న ఫోటో ఎవరో పంపారు. పట్టుచీర నేను ఇచ్చిందే.

పుస్తకం ఒకటి కొరియర్‌లో వచ్చింది. చీటీ లేదు. నూట పన్నెండో పేజీలో నాగలి రాయి ఉంది. 'మా పెద్దక్క చెప్పగా' అని ఉంది. ఐదొందల ఇళ్లల్లో నేను అదే మాట చెప్తూ ఉంటాను. రాయి నిలిచింది, అబద్ధమూ నిలిచింది. రామ్మోహన్ ఏదీ పూర్తిగా ఓడిపోడు.

ఎవరి మీదా కోపం లేదు అని రాయబోయాను. ఉంది.

10 డిసెంబరు, శనివారం

సోనాపూర్ వెళ్లాను. రెండు బస్సులు మారాను. రాజలింగం విమానం రేపు. వాళ్ల బిల్డింగు ముందు టీ కొట్టు దగ్గర కూర్చున్నాం. మధ్యాహ్నం మూడు. సెలవు కాబట్టి మనుషులు గుంపులుగా ఉన్నారు. చీరలో ఒక ఆడమనిషిని చూసి పక్కకి జరిగి చోటు ఇచ్చారు. అతను కుర్చీ తెచ్చి వేశాడు. తను నేల మీద, మడమల మీద కూర్చున్నాడు. పక్కనే ఇంకో కుర్చీ ఖాళీగానే ఉంది.

పిల్లలకి పండ్లు తీసుకెళ్లాను. సంచి తీసుకుని పక్కన పెట్టాడు. దాని వైపు మళ్లీ చూడలేదు.

అవ్వ బాగుందా అని అడిగాను. బాగుందన్నాడు. గోరికి సున్నం కొట్టిందట. ఇక్కడ ఇంకెక్కడైనా పని దొరుకుతుందేమో, స్కూలు మెయింటెనెన్స్ వాళ్లని అడుగుతానన్నాను. వద్దన్నాడు. పెద్దబిడ్డకి ఈ ఏడే కాలేజీ అన్నాడు. అది నాతో చెప్పినట్టు లేదు. ఎదురుగా గోడకి చెప్పినట్టు ఉంది.

చాయ్ చల్లారింది. నేను లేవలేదు. ఎందుకు లేవడం లేదో అప్పుడు నాకు తెలియలేదు. అతనికి తెలిసింది.

"నిజం జెప్పినవని దండం వెట్టాల్నా, అమ్మా?" అన్నాడు.

నేను అందుకు రాలేదన్నాను. రెండు బస్సులు మారి అందుకే వచ్చాను.

"నా కొలువు వోతదని మీ తమ్ముడు నీకు ముందుగాల్నే జెప్పిండట. ఆఫీసుల అంటుంటె ఖాజా విన్నడు. గోరి గావాల్నా, కొలువు గావాల్నా అని నన్నడిగినవా?"

లేదన్నాను.

"అడిగితె గోరే అంటుంటి. గని అడగాలె గద."

పక్క కుర్రవాళ్లు మాటలు ఆపారు. అతను చూసి గొంతు ఇంకా తగ్గించాడు. మీ తాత అడగలేదు, కాగితం తెచ్చిండు అన్నాడు. నువ్వు నిజం తెచ్చినవ్, నువ్వూ అడగలేదు అన్నాడు. తిట్టినట్టు లేదు. ఇటుక మీద ఇటుక పెట్టినట్టు చెప్పాడు.

లేచాను. నాలుగడుగులు వేసి మళ్లీ తిరిగాను. అడగడం నేర్చుకున్నదానిలా అడిగాను. మీ తాత పేరేమిటి అని. ఐలవ్వ మామ అనే అంటుంది, మా నాయనమ్మ ఆ మనిషి అనేది, నాకు ఇన్నేళ్లూ తెలియదు అని చెప్పాను.

"పేరెందుకు?"

దీపం పెట్టినప్పుడు అనుకోవడానికి అన్నాను.

రాజలింగం లేచి నిలబడ్డాడు. నేను కూర్చున్న కుర్చీ మడత పెట్టి గోడకి ఆనించాడు.

"ఎనభై ఏండ్లు పేరు లేకుంటనే వెట్టిండ్రు గద," అన్నాడు. "గట్లనే వెట్టుండ్రి."

సాయంత్రం అలాగే పెట్టాను.